చార్జరు తీగ చీలినపుడు: చేయదగినది, చేయరానిది

గత వేసవిలో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో కాలిన రబ్బరు వాసన వచ్చింది. నా తమ్ముని కుమారుడు పరుపు మీద లాప్‌టాప్ పెట్టుకొని చదువుకుంటున్నాడు. చార్జరు తీగకు పిన్ను దగ్గర చుట్టిన నల్లటేపు మెత్తబడి దుప్పటికి అంటుకొని ఉన్నది. ప్రక్కనే అతని చిన్న చెల్లెలు నిద్రిస్తున్నది. స్విచ్ ఆపి తీగను ఊడదీయగా, దుప్పటి మీద రూపాయి బిళ్ళంత మేర కమిలిన మచ్చ కనిపించింది.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నది?" అని అడిగాను.

"రెండు నెలలైంది బడే అబ్బా! టేపు చుడితే పని చేస్తున్నది కదా అని ఊరుకున్నాను. కొత్తది కొనాలంటే అబ్బాకు భారమవుతుందని చెప్పలేదు."

కుందుర్పి వంటి మెట్ట ప్రాంతంలో, వానను నమ్ముకొని వేరుశెనగ వేసే ఇంటిలో, ఆ మాట ఎంత నిజమో నాకు తెలుసు. అందుచేత అతనిని మందలించలేకపోయాను. అయితే టేపు చేసిన పని గాయాన్ని మాన్పడం కాదు, కంటికి కనబడకుండా కప్పడం మాత్రమే.

మరునాడు బోరు మోటార్లకు వైండింగు చేసే ఒక పెద్దాయన వద్దకు చార్జరును తీసుకువెళ్ళాము. ఆయన తీగను కోసి చూపించారు. లోపల మధ్యలో ఒక తీగ, దానిపై ప్లాస్టిక్ పొర, ఆ పొర చుట్టూ జడవలె అల్లిన సన్నని రాగి పోగులు ఉన్నాయి. మాటిమాటికి ఒకేచోట వంగడం వల్ల ఆ పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. మిగిలిన కొద్ది పోగుల గుండానే కరెంటంతా పోవలసి వస్తుంది. 65 వాట్ల చార్జరు 19.5 వోల్టుల వద్ద 3.34 ఆంపియర్ల వరకు ఇస్తుంది. తెగినచోట అర ఓమ్ నిరోధం ఏర్పడినా, ఆ చిన్న చోటులోనే ఐదున్నర వాట్ల వేడి పుడుతుంది. దుప్పటిని కమిల్చినది ఆ వేడియే.

ఇంటిలో బాగుచేయదలచినవారు ముందుగా హద్దు తెలుసుకోవాలి. గోడ ప్లగ్గు నుండి నల్లపెట్టె వరకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. ఆ తీగ చీలితే అతుకు వేయకూడదు. అది విడిగా దొరుకుతుంది, మార్చివేయాలి. నల్లపెట్టెను ఎన్నడూ తెరవరాదు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు నిలిచి ఉండవచ్చు. పెట్టె నుండి లాప్‌టాప్‌కు పోయే సన్నని తీగ మాత్రమే మన చేతికి తగినది. అది కూడా పెట్టెలోకి దూరే మొదట్లోనే తెగితే మెకానిక్కుకు అప్పగించడం మంచిది. గ్యారంటీ ఉన్న చార్జరును కోయవద్దు. టైప్-సి పిన్ను ఉన్నవాటికి ఇంటి అతుకు పనికిరాదు.

మా చార్జరు పిన్ను దగ్గర తెగింది కనుక, కొంత తీగతో కూడిన కొత్త పిన్నును కళ్యాణదుర్గంలో కొన్నాము. పాతదానిని వెంట తీసుకువెళ్ళి కొలత సరిచూసుకోవాలి. డెల్, హెచ్‌పీ చార్జర్లలో చాలావాటికి నడుమ మూడవ సన్నని తీగ ఉంటుంది. చార్జరును లాప్‌టాప్ గుర్తించేది దాని ద్వారానే. దానిని వదిలివేస్తే బ్యాటరీ చార్జి కాకపోవచ్చు.

ప్లగ్గు తీసివేసి కొంతసేపు ఆగాలి. పాడైన భాగానికి రెండు మూడు సెంటీమీటర్ల ఇవతల, మంచి రాగి కనిపించేచోట కోయాలి. అతకడానికి ముందే, వేడికి ముడుచుకొనే స్లీవ్ గొట్టాలను తీగకు తొడగాలి. ఇది మరచిపోతే పనంతా మళ్ళీ మొదటికి వస్తుంది. పై పోగులను ఒక ప్రక్కకు మెలిపెట్టి, లోపలి తీగను లోపలి తీగతో, పై పోగులను పై పోగులతో కలిపి సోల్డర్ చేయాలి. అతుకులు ఎదురెదురుగా కాక, ముందువెనుకలుగా ఉండాలి. ప్రతి అతుకుకు విడిగా ఒక స్లీవ్, అన్నింటిపైన మరొకటి వేడిచేసి బిగించాలి.

లాప్‌టాప్‌కు తగిలించే ముందు మల్టీమీటరుతో తప్పక పరీక్షించాలి. పెట్టె మీది చీటీలో చిన్న బొమ్మ ఉంటుంది. పిన్ను లోపలివైపు ప్లస్సో మైనస్సో అది చూపుతుంది. మీటరు దానికి సరిపోవాలి, వోల్టులు చీటీలోని అంకెకు దగ్గరగా ఉండాలి. అరగంట వాడిన తరువాత అతుకును ముట్టి చూడండి. అది వేడెక్కితే సరిగా పడలేదన్నమాట, వెంటనే ఆపివేయండి.

ఇక తీగను పెట్టె చుట్టూ బిగించి చుట్టకండి. వదులుగా, పెద్ద చుట్టగా మడవండి. తీగను పట్టి లాగకుండా పిన్నును పట్టి తీయండి. పరుపు మీద చార్జరును ఉంచకండి.

మా అబ్బాయి చార్జరు ఇప్పుడు చక్కగా పని చేస్తున్నది. అయినా ఆ రాత్రి నన్ను ఎక్కువగా కలవరపెట్టినది తీగ కాదు, రెండు నెలల మౌనం. ఇంటి ఖర్చుకు భయపడి పిల్లలు ప్రమాదాన్ని దాచుకుంటారు. ఈ రోజే మీ పిల్లల చార్జర్లను అడిగి తీసుకొని, తీగ పొడవునా ఒకసారి వేళ్ళతో తడిమి చూడండి. ఎక్కడైనా టేపు తగిలితే కోపగించుకోకండి. విప్పి చూడండి.