చెక్క సామాను భారవహన సామర్థ్యం

బల్ల, మంచం, బీరువా వంటి చెక్క సామాను విరగకుండా, అతిగా వంగకుండా మోయగల బరువును దాని భారవహన సామర్థ్యం అంటారు. ఇది చెక్క రకం, కొలతలు, అతుకులు, తేమలపై ఆధారపడి ఉంటుంది.

నిర్ణయించే అంశాలు

రెండు చివరల ఆనించిన పలక మందం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుతుంది. వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే, అదే బరువుకు వంపు ఎనిమిది రెట్లవుతుంది. అందువలన పొడవైన అరకు మధ్యలో ఆధారం అవసరం. బరువు ఏళ్ళ తరబడి ఉంటే వంపు క్రమేణా పెరుగుతుంది. ముడులున్న చోట చెక్క బలహీనంగా ఉంటుంది.

ఉదాహరణ

90 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల చేపల తొట్టెలో 40 సెం.మీ. ఎత్తు నీరు పోస్తే, నీటి బరువే 108 కిలోలు. తొట్టె బరువు అదనం.

విశాఖపట్నంలో

సముద్రతీర నగరమైన విశాఖపట్నంలో గాలిలో తేమ ఎక్కువ. తేమ పీల్చిన చెక్క బలం తగ్గుతుంది. ఉప్పుగాలికి ఇనుప మేకులు, మరలు తుప్పుపట్టి అతుకులు వదులవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇక్కడ అనేక చెట్లను కూల్చింది. అటువంటి పచ్చి కలపను బాగా ఆరబెట్టిన తరువాతే సామానుకు వాడాలి. చెక్కపొడితో చేసిన పలకలు తడిసి ఉబ్బితే తిరిగి పూర్వపు బలాన్ని పొందవు.

జాగ్రత్తలు

బరువైన వస్తువులను కింది అరలలో ఉంచాలి. తెరిచిన సొరుగులపై పిల్లలు ఎక్కితే గరిమనాభి ముందుకు జరిగి, చెక్క ఎంత గట్టిదైనా బీరువా బోర్లా పడుతుంది. కనుక ఎత్తైన బీరువాలను గోడకు బిగించాలి. కిర్రుమనే శబ్దం, కొత్తగా కనిపించే వంపు, రాలే చెక్కపొడి ప్రమాద సూచనలు.