చెయ్యి వణుకు సరే... ఆలోచన మసకబారితే? కడుపునూ అడగమంటున్న సైన్స్

పార్కిన్‌సన్స్ అనగానే మనకు గుర్తొచ్చేది వణికే చెయ్యి. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణకడం, సంతకం రానురాను చిన్నదైపోవడం, అడుగు తీసి అడుగు వేయడానికి టైమ్ పట్టడం... ఇవన్నీ కళ్లకు కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లు ఎలాగోలా పట్టేస్తారు.

కనిపించనిది ఇంకోటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ జబ్బు ఆలోచనశక్తినీ తినేస్తుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొత్తగా పార్కిన్‌సన్స్ బయటపడిన వాళ్లను డాక్టర్లు 20 ఏళ్లపాటు గమనించారు. అప్పటికి బతికి ఉన్నవాళ్లలో 83 శాతం మందికి డిమెన్షియా వచ్చింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో లెక్క ఇంత భయంకరంగా లేదు. అయినా ముప్పు మాత్రం చిన్నది కాదు.

మరి ఎవరికి తొందరగా వస్తుంది? ఎవరికి రాదు? ముందే తెలుసుకునే దారి ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ కొందరు సైంటిస్టులు మెదడును పక్కనపెట్టి పేగుల్లోకి తొంగి చూస్తున్నారు.

ఇది మామూలు మతిమరుపు కాదు

మతి తగ్గడం అంటే పేర్లు మర్చిపోవడం, తాళాలు ఎక్కడో పెట్టేయడం అనుకుంటాం. పార్కిన్‌సన్స్‌లో మొదట దెబ్బతినేది చాలాసార్లు జ్ఞాపకం కాదు. ప్లాన్ చేసుకోవడం, రెండు పనులు కలిపి చేయడం, ఒకదానిమీద దృష్టి నిలపడం... ఇవి ముందు తడబడతాయి.

మా తాతయ్య కిరాణా కొట్టు నడిపిన మనిషి. జబ్బు వచ్చాక కూడా ఎవరు ఎప్పుడు ఎంత బాకీ పడ్డారో పేర్లతో సహా చెప్పేవాడు. కానీ కాఫీ పెట్టుకోవడానికి వెళితే పాలు ముందా, డికాక్షన్ ముందా అని స్టవ్ ముందే నిలబడిపోయేవాడు. ‘అన్నీ గుర్తున్నాయి కదా, నటిస్తున్నాడులే’ అని చుట్టాలు నవ్వేవాళ్లు. నటన కాదది, జబ్బే. ఈ తేడా తెలిస్తే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి.

కొందరికి లేని మనుషులు కనిపించడం, గుమ్మం దగ్గరో మెట్ల దగ్గరో దూరం అంచనా వేయలేకపోవడం కూడా ఉంటాయి. దయ్యం పట్టిందనో, చాదస్తమనో కొట్టిపారేయకుండా డాక్టరుకు చెప్పాల్సిన విషయాలివి.

రెండొందల ఏళ్ల నాటి క్లూ

కడుపు సంగతి కొత్తదేం కాదు. లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాసినప్పుడే రోగుల్లో మలబద్ధకాన్ని గమనించాడు. ఇప్పుడు మనకు తెలిసిందేంటంటే, చాలామందిలో వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే మలబద్ధకం వస్తుంది. అలాగని మలబద్ధకం ఉన్న ప్రతివాళ్లకూ పార్కిన్‌సన్స్ వస్తుందని కాదు, గూగుల్ చేసి బెంబేలెత్తిపోకండి!

2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం ఒక ఊహను ముందుపెట్టింది. ఈ జబ్బులో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ తప్పుగా మడతపడి ముద్దలు ముద్దలుగా పేరుకుంటుంది. ఆ ముద్ద కట్టడం కొందరిలో పేగుల దగ్గరో, వాసన పట్టే నాడుల దగ్గరో మొదలై మెదడుకు పాకుతుందని వాళ్ల ఆలోచన. పేగు నుంచి మెదడుకు దారి వేగస్ నాడి. కడుపుకీ మెదడుకీ మధ్య డైరెక్ట్ కేబుల్ లాంటిది.

దీనికి కొంత బలం దొరికింది. ఒకప్పుడు అల్సర్లు తగ్గడానికి ఈ నాడిని కోసేసే ఆపరేషన్ చేసేవారు. డెన్మార్క్‌లో అలా పూర్తిగా కోయించుకున్నవాళ్ల రికార్డులు తిరగేస్తే, వాళ్లలో పార్కిన్‌సన్స్ కాస్త తక్కువగా కనిపించింది. 2016లో అమెరికాలోని కాల్‌టెక్ సైంటిస్టులు ఎలుకలమీద ప్రయోగం చేశారు. ఆల్ఫా సైన్యూక్లిన్ ఎక్కువగా తయారయ్యే ఎలుకలను ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచితే కదలికల సమస్యలు తగ్గాయి. వాటికే పార్కిన్‌సన్స్ రోగుల పేగు బ్యాక్టీరియా ఎక్కిస్తే సమస్యలు ముదిరాయి. ఆరోగ్యవంతులది ఎక్కిస్తే అంత ముదరలేదు.

నోట్లో ఉండాల్సినవి పేగులోకి...

ఇదంతా కదలికల కథ. మరి ఆలోచన సంగతి? దీనిమీద లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2025లో ఆసక్తికరమైన విషయం బయటపెట్టారు. కొద్దిగా మతి తగ్గిన పార్కిన్‌సన్స్ రోగులు 41 మంది, డిమెన్షియా వచ్చినవాళ్లు 47 మంది, ఆరోగ్యవంతులు 26 మంది... వీళ్ల నుంచి తీసుకున్న 228 లాలాజలం, మలం శాంపిల్స్‌ను పరీక్షించారు.

మతి తగ్గడం మొదలైనవాళ్ల పేగుల్లో హాని చేసే బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్నాయి. వాటిలో చాలావరకు నోటినుంచి దిగినవే అయి ఉంటాయని వాళ్ల అంచనా. అంటే చిగుళ్ల సందుల్లో ఉండాల్సినవి పేగులో కాపురం పెట్టాయన్నమాట! ఇవి వదిలే విషపదార్థాలు పేగు గోడను దెబ్బతీసి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెంచి, మెదడుదాకా ప్రభావం చూపొచ్చని అంటున్నారు. ఏ బ్యాక్టీరియా ఉందన్నదే కాకుండా, అది ఏం పని చేస్తోందో పసిగట్టడానికి ఏఐని వాడారు.

ఇంకోపక్క, పీచును పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేసే మంచి బ్యాక్టీరియా పార్కిన్‌సన్స్ రోగుల్లో తగ్గుతున్నాయని వేర్వేరు దేశాల అధ్యయనాల్లో తేలింది. పేగు గోడకు బ్యూటిరేటే తిండి. అది తగ్గితే గోడ బలహీనపడుతుంది. కాపలా తగ్గిన చోటికే బయటివాళ్లు చొరబడతారు కదా.

నోటి బ్యాక్టీరియా కిందికి దిగడానికి మామూలు కారణాలూ ఉన్నాయి. చెయ్యి వణికితే బ్రషింగ్ సరిగ్గా కుదరదు. మింగడం కష్టమైతే లాలాజలం నోట్లో నిలిచిపోతుంది. దానికితోడు, మనిళ్లలో పొద్దున్నే పరగడుపున వేసుకునే ‘గ్యాస్ మాత్ర’ కడుపులోని యాసిడ్‌ను తగ్గిస్తుంది. నోటినుంచి వచ్చే క్రిములను చంపేది ఆ యాసిడే. ఇలాంటి మాత్రలు వాడేవాళ్ల పేగుల్లో నోటి బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటాయని వేరే పరిశోధనల్లోనూ కనిపించింది.

ఏది ముందు, ఏది వెనక?

సాఫ్ట్‌వేర్‌లో మాకు మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. సర్వర్ పడిపోయినప్పుడు లాగ్స్‌లో ఒక ఎర్రర్ కనిపించిందని, దానివల్లే పడిపోయిందని తీర్మానించకూడదు. పడిపోవడంవల్లే ఆ ఎర్రర్ వచ్చిందేమో! ఇక్కడా అంతే. బ్యాక్టీరియా మారడంవల్ల మతి తగ్గిందా? మతి తగ్గి, తిండి, నోటి శుభ్రత దెబ్బతినడంవల్ల బ్యాక్టీరియా మారాయా? మలబద్ధకం, వాడే మందులు కూడా వాటిని మారుస్తాయి. కింగ్స్ కాలేజీ పరిశోధన సంబంధాన్ని చూపించింది, కారణాన్ని రుజువు చేయలేదు.

చికిత్స సంగతీ అంతే. ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగుల పేగుల్లోకి ఎక్కించే ప్రయోగాల ఫలితాలు 2024లో వచ్చాయి. బెల్జియంలో 46 మందిమీద చేస్తే ఏడాది తర్వాత కదలికల్లో కొద్దిపాటి మెరుగుదల కనిపించింది. ఫిన్లాండ్‌లో చేస్తే ఉత్తుత్తి చికిత్సకు మించి లాభం లేదని తేలింది. కాబట్టి ‘మెదడుకు ప్రోబయోటిక్’ అంటూ రీల్స్‌లో వచ్చే డబ్బాలకు వేలు పోసే ముందు ఒక్క నిమిషం ఆగండి.

మాత్రను మింగేసే బ్యాక్టీరియా

బ్యాక్టీరియాకీ ఈ జబ్బుకీ ఇంకో లింకు ఉంది. ఇది ల్యాబ్‌లో గట్టిగా నిరూపించినదే. పార్కిన్‌సన్స్‌కు ముఖ్యమైన మందు లెవోడోపా. మన పొలం గట్లమీద పెరిగే దూలగొండి గింజల్లోనూ ఇది ఉంటుంది. 1937లో మద్రాసు పరిశోధకులు ఆ గింజల నుంచి దీన్ని వేరుచేశారు కూడా. ఈ మందు మెదడుకు చేరాక డోపమైన్‌గా మారాలి. కానీ కొందరి పేగుల్లో ఉండే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా దాన్ని దారిలోనే మార్చేయగలదని 2019లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. ఒకే డోసు ఇద్దరిమీద ఒకేలా పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం కావొచ్చు. అలాగని మాత్ర మానేసి దూలగొండి పొడి మొదలుపెట్టకండి. అందులో డోసు ఎంతుందో లెక్క ఉండదు.

ఇంట్లో ఎవరికైనా ఉంటే...

* నోరు: మెత్తటి ఎలక్ట్రిక్ బ్రష్ లేదా లావు పిడి ఉన్న బ్రష్ ఇవ్వండి. చిగుళ్ల నుంచి రక్తం వస్తే డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మెదడును కాపాడుతుందని రుజువు కాకపోయినా, నోటికి మేలే కదా.
* పీచు, నీళ్లు: ఆకుకూరలు, చిక్కుళ్లు, రాగులు, జొన్నలు, పండ్లు. మింగడం కష్టంగా ఉంటే డాక్టరును అడిగి మెత్తగా చేసిపెట్టండి.
* మాత్ర టైమింగ్: పప్పు, గుడ్లు, మాంసంలోని ప్రొటీన్ లెవోడోపాతో పోటీపడుతుంది. సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. ప్రొటీన్ మాత్రం మానకూడదు.
* మందుల జాబితా: వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ పెద్దవాళ్లలో మతిని గందరగోళపరచగలదు, మలబద్ధకం పెంచగలదు. ఏళ్ల తరబడి వాడుతున్న గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అన్నదీ అడగండి. దేన్నీ సొంతంగా ఆపొద్దు.
* హఠాత్తుగా అయోమయం: ఒకట్రెండు రోజుల్లోనే మాట తికమకైతే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో కారణం కావొచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మలం, లాలాజలం పరీక్షతో ‘ఈయనకు డిమెన్షియా ముప్పు ఎక్కువ’ అని ముందే చెప్పే రోజు వస్తే, చికిత్సకూ ఇంటిని సిద్ధం చేసుకోవడానికీ కొన్నేళ్లు దొరుకుతాయి. పరిశోధకుల ఆశ అదే. ఆ పరీక్ష ఇంకా మన ఊరి ల్యాబ్‌దాకా రాలేదు. ఈలోపు ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు వణుకు గురించే కాకుండా, కడుపు ఎలా ఉంది, చిగుళ్లు ఎలా ఉన్నాయి, స్టవ్ ముందు ఎంతసేపు నిలబడిపోతున్నారు అన్నవి కూడా డాక్టరుకు చెప్పండి. పెద్దవాళ్లు వాటిని తమంతట తాము చెప్పరు. మనమే అడగాలి.