ఇంటా బయటా ఒకే కొలత

సొంతవర్గపు పెద్దలను ధిక్కరించినవానికి బయటివారు జేజేలు పలుకుతారు. బయటివారి అన్యాయాన్ని ఎండగట్టినవానికి సొంతవారు నీరాజనం పడతారు. ఈ రెండు పనులూ చేసినవానికి రెండువైపులా విరోధులే. 2013 మే 14న ముంబయిలో కన్నుమూసిన అస్గర్ అలీ ఇంజనీర్ తెలిసి తెలిసి ఆ మార్గాన్నే ఎన్నుకున్నారు.

ఆయన 1939లో రాజస్థాన్‌లోని సలూంబర్‌లో, దావూదీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. మతాచార్యుడైన తండ్రి వద్ద అరబ్బీ భాషనూ, ఖురాన్ వ్యాఖ్యానాన్నీ అభ్యసించారు. తరువాత సివిల్ ఇంజనీరింగ్ చదివి, బొంబాయి నగరపాలక సంస్థలో సుమారు 20 సంవత్సరాలు పనిచేశారు.

1961లో జబల్‌పూర్‌లో చెలరేగిన మతకల్లోలం, అప్పటికి విద్యార్థిగా ఉన్న ఆయనను కలచివేసింది. కల్లోలాల మూలాలను వెదకడం ఆయనకు జీవితవ్రతమైంది. మతావేశం పైపూత మాత్రమేననీ, దాని వెనుక స్థలాల తగాదాలూ, వ్యాపారాల పోటీ, ఎన్నికల లెక్కలూ ఉంటాయనీ ఆయన వాదించారు. ఈ విషయమై ఆయన సంకలనం చేసిన గ్రంథం 1984లో హైదరాబాదు నుండి వెలువడింది.

అదే కొలతను ఆయన సొంత ఇంటికీ వర్తింపజేశారు. 1970ల తొలినాళ్ళలో ఉదయపూర్ బోహ్రాలు కొందరు మతపీఠపు పెత్తనాన్ని ఎదిరించగా, ఆయన వారి పక్షాన నిలిచారు. ఎదిరించినవారికి శిక్ష వెలి. వెలిపడినవానితో బంధువులు మాట్లాడరాదు. వర్గపు శ్మశానంలో అతనికి చోటు లేదు. ఆ వెలి అస్గర్ అలీ కుటుంబానికీ తప్పలేదు. 2000 ఫిబ్రవరిలో ఆయన ఇంటిని ధ్వంసం చేశారు. అయినా కలం ఆగలేదు. అంతకుముందు 1985లో, షాబానోకు భరణం ఇప్పించిన సుప్రీంకోర్టు తీర్పును ముస్లిం నాయకులు పలువురు నిరసించినప్పుడు, ఆయన బాహాటంగా సమర్థించారు. 2004లో స్వామి అగ్నివేశ్‌తోపాటు ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది.

వెలిని నిషేధించిన 1949 నాటి బొంబాయి చట్టాన్ని సుప్రీంకోర్టు 1962లో కొట్టివేసింది. ఆ తీర్పును పునఃపరిశీలించే ప్రశ్నను 2023 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది. అల్పసంఖ్యాకుల హక్కు ఆ వర్గపు పెద్దలదా, లేక అందులోని ప్రతి మనిషిదా? న్యాయమూర్తుల ముందున్న ఈ ప్రశ్నకు అస్గర్ అలీ ఏనాడో తన జవాబు చెప్పారు. దాని వెలనూ తానే చెల్లించారు.