కొవ్వులో కరిగే విటమిన్లు: ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే వరుస

వేరుశనగ నూనె సీసాను వెలుతురు తగిలే చోట నెలల తరబడి ఉంచితే ముక్కిన వాసన వస్తుంది. ఆ వాసన రావడానికి ముందే నూనెలోని విటమిన్ ఇ తరిగిపోవడం మొదలవుతుంది. అసంతృప్త కొవ్వు ఆమ్లాల నుండి పుట్టే పెరాక్సిల్ ప్రాతిపదికలకు టోకోఫెరాల్ తన ఎలక్ట్రాన్‌ను, దానితోపాటు ప్రోటాన్‌ను ఇచ్చి ఆక్సీకరణ గొలుసును తెంచుతుంది. ఈ ఇచ్చే గుణాన్ని వోల్టులలో కొలవవచ్చును.

పీహెచ్ 7 వద్ద పెరాక్సిల్ ప్రాతిపదిక పొటెన్షియల్ సుమారు 1.0 వోల్టు, ఆల్ఫా టోకోఫెరాల్‌ది 0.5, విటమిన్ సి ది 0.28. తక్కువ విలువ గలది ఎక్కువ విలువ గలదానికి ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది. కనుకనే జీవకణంలో ఖర్చయిన విటమిన్ ఇ ని విటమిన్ సి తిరిగి నిలబెట్టగలదు. నూనె సీసాలో ఆ సదుపాయం లేదు. విటమిన్ సి నీటిలో కరిగేది. అక్కడ పోయిన టోకోఫెరాల్ పోయినట్లే.

ఈ విటమిన్లు నీటిలో కరగవు కాబట్టి ఎలక్ట్రోడు పరీక్షలను సాధారణంగా అసిటోనైట్రైల్ వంటి కర్బన ద్రావణిలో, తగిన లవణం కలిపి జరుపుతారు. అందులో ఆల్ఫా టోకోఫెరాల్ మొత్తం మీద రెండు ఎలక్ట్రాన్లను, ఒక ప్రోటాన్‌ను కోల్పోతుంది. వోల్టేజీని వెనక్కి మళ్లిస్తే తిరిగి టోకోఫెరాల్‌గా మారుతుంది. ఫినాల్ జాతి పదార్థాలలో ఇది అరుదు. వలయంపై నిండుగా ఉన్న మిథైల్ సమూహాలే దీనికి కారణం. అవి తగ్గిన గామా, డెల్టా రూపాలు మరింత ఎక్కువ వోల్టేజీ వద్ద గాని ఆక్సీకరణం చెందవు.

విటమిన్ ఎ, డి లకు ఈ వెసులుబాటు లేదు. అవి ద్విబంధాల నుండి ఎలక్ట్రాన్లను కోల్పోతాయి, తిరిగి పూర్వరూపం పొందవు. ఏర్పడిన పదార్థాలు ఎలక్ట్రోడుపై పేరుకొని తరువాతి కొలతను తగ్గించి చూపవచ్చును. వరుసగా ఐదు ద్విబంధాలున్న రెటినాల్, మూడే ఉన్న విటమిన్ డి కంటే సులభంగా ఆక్సీకరణం చెందుతుంది. '+ఎఫ్' గుర్తుతో అమ్మే బలవర్ధక నూనెలలో కలిపేది ఈ రెండు విటమిన్లనే. అప్పటికే పెరాక్సైడ్లు పెరిగిన నూనెలో కలిపిన విటమిన్ ఎ త్వరగా నశిస్తుంది. కలిపే ముందు పెరాక్సైడ్ విలువ చూడకపోతే చీటీపై అంకె ఒకటి, వినియోగదారునికి అందేది మరొకటి అవుతుంది.

విటమిన్ కె తీరు వేరు. క్వినోన్ కావడం వలన అది ఎలక్ట్రాన్లను పుచ్చుకొంటుంది. క్షయకరణం చెందిన రూపమే కాలేయంలో రక్తం గడ్డకట్టే ప్రోటీన్ల తయారీకి తోడ్పడుతుంది. పొలంలో ఎలుకలకు పెట్టే బ్రోమాడయోలోన్ ఎర ఈ క్షయకరణాన్నే అడ్డుకొంటుంది. పొరపాటున అది తిన్నవారికి వైద్యులు విటమిన్ కె1 ఇవ్వడంలోని తర్కం ఇదే.

విద్యార్థులు ప్రయోగశాలలో తరచు పొరబడే చోటు ఒకటి ఉంది. దాణా మిశ్రమాలలో విటమిన్ ఇ ని ఎక్కువగా అసిటేట్ రూపంలో కలుపుతారు. అందులో ఫినాల్ సమూహం మూసుకొని ఉండటం వలన నిల్వకు ఆగుతుంది గాని, టోకోఫెరాల్ స్పందించే వోల్టేజీ వద్ద సంకేతం ఇవ్వదు. సంకేతం లేదని విటమిన్ లేదని రాయరాదు. ముందుగా క్షారంతో సబ్బుగా మార్చి టోకోఫెరాల్‌ను విడుదల చేయాలి. క్షారంలో గాలి తగిలితే అదీ నశిస్తుంది కనుక పైరోగాలాల్ గాని, ఆస్కార్బిక్ ఆమ్లం గాని కలిపి, వెలుతురు పడకుండా ఆ పని పూర్తి చేయవలసి ఉంటుంది.