వదంతియు వార్తయు

కరాచీలో బిడ్డల సంరక్షణమునుగూర్చి ప్రజలను హెచ్చరించుటకై తీసిన చిన్న చలనచిత్ర మొకటి కలదు. అందు మోటారుసైకిలుపై వచ్చినవారు బాలు నెత్తుకొనిపోయి, వెంటనే తిరిగి యప్పగింతురు. ఈ యప్పగింతను ద్రుంచి, తక్కినదానిని నిజమైన నేరమని వాట్సప్ మూలమున మనదేశమునందు వ్యాపింపజేసిరి. ఇట్టి వదంతులు ప్రబలిన దినములలోనే, 2018 జూలై 1వ తేదీన, మహారాష్ట్రమున ధూలే జిల్లాలోని రైన్‌పాడా గ్రామమందు సంచారజాతివారగు అయిదుగురను పిల్లలదొంగలని మూక కొట్టి చంపినది. భిక్షాటనమే వారి వృత్తి.

తెలుగునాటను ఆ భయము వ్యాపింపగా, జోగులాంబ గద్వాల జిల్లా పోలీసులు డప్పులతో, పాటలతో గ్రామములకేగి సత్యమును జాటిరి. వాట్సప్ సంస్థయు ఆ జూలైలోనే, మనదేశమున నొక సందేశము నొకమారు అయిదు సంభాషణలకు మించి పంపరాదని కట్టడి చేసినది.

అయినను కట్టడులొక్కటియే చాలవు. "దొంగలముఠా సంచారము?" అని ప్రశ్నార్థకముతో శీర్షికపెట్టు పత్రికయు ఈ పాపమున భాగస్వామియే. ఎచట, ఎప్పుడు, ఎవరు చూచిరని విచారించిన పిమ్మటనే నేరవార్తను ప్రకటింపవలెను. పత్రికాధిపతులకు గల యీ ధర్మము నేడు చేత ఫోనున్న ప్రతివానికిని గలదు. సవరణ మెంత త్వరగా వెలువడినను, పోయిన ప్రాణములు తిరిగిరావు గదా!