మీకు తెలుసా? డబ్బా మీద పేరొకటి, లోపల చిప్పు ఇంకొకటి

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో కోర్టు మెట్లెక్కి, వాయిదా ఏ తారీఖుకు పడిందో కనుక్కుని వచ్చిన కక్షిదారు తనకు తెలియకుండానే లైనక్స్ వాడుకుని ఉంటాడు. దేశంలోని జిల్లా, తాలూకా కోర్టుల కంప్యూటర్ల కోసం సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఎంచుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు లైనక్స్ మరి. కేసుల వివరాలు చూపే సాఫ్ట్‌వేర్‌ను కూడా పుణెలోని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) వాళ్లు ఓపెన్ సోర్స్ పనిముట్లతోనే తయారుచేశారు. లైనక్స్ అంటే ఇంజినీరింగ్ కాలేజీ పిల్లల కాలక్షేపం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

కోర్టు కంప్యూటర్ మొరాయిస్తే చూసుకోవడానికి మనుషులుంటారు. ఇంట్లోనో, బియ్యం మిల్లు ఆఫీసులోనో, డీటీపీ షాపులోనో పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించుకున్నవాళ్లకు ఆ వసతి లేదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 పాత మిషన్లను రానివ్వదు. దాంతో చాలామంది ఉబుంటు వైపో, మింట్ వైపో చూస్తున్నారు. లైనక్స్ ఎక్కించడం అరగంట పని. అసలు చిక్కంతా ఆ తర్వాతే. రౌటర్ ముందు గదిలో ఉంటుంది, కంప్యూటర్ వెనక గదిలో. డెస్క్‌టాప్‌కేమో వైఫై లేదు. నాలుగైదు వందలు పెట్టి గోరంత యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనడానికి షాపుకు పోతారు.

"అన్నా, ఇది లైనక్స్‌ల నడుస్తదా?"

"ప్లగ్ అండ్ ప్లే అన్నా, పెట్టుడే ఆలస్యం."

షాపతను అబద్ధమేమీ ఆడలేదు. కొన్ని డాంగిళ్లు నిజంగానే పెట్టీపెట్టగానే నడుస్తాయి. కొన్ని ఎంత మొత్తుకున్నా పలకవు. ఒక్కోసారి ఈ రెండు రకాలూ ఒకే పేరుతో, ఒకే రకం డబ్బాలో అమ్ముడుపోతుంటాయి.

నమ్మకం కలగకపోతే టీపీ-లింక్ వాళ్ల టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ సంగతి చూడండి. తెల్లగా, విప్పి పెట్టుకునే యాంటెన్నాతో ఉంటుంది. లైనక్స్ వాడేవాళ్లలో దీనికి పెద్ద పేరే ఉంది. ఆ పేరు తెచ్చింది మాత్రం మొదటి వెర్షనే. అందులో ఉన్నది అథెరోస్ కంపెనీ ఏఆర్9271 చిప్పు. దాని డ్రైవర్ లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే ఉంటుంది, మనం చేయాల్సిన పనేమీ లేదు. రెండో వెర్షన్‌కు వచ్చేసరికి కంపెనీ చిప్పు మార్చి రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్ పెట్టింది. మోడల్ నంబర్ మాత్రం మార్చలేదు. ఆ రియల్‌టెక్ చిప్పు డ్రైవర్ ఏళ్ల తరబడి కెర్నెల్‌లో "స్టేజింగ్" అనే కచ్చా డ్రైవర్ల విభాగంలోనే ఉండిపోయింది. ఎప్పుడో రాసిన మెచ్చుకోలు చదివి ఇప్పుడు డబ్బా కొన్నవాళ్లు తెల్లమొహం వేసింది అందుకే. తేడా తెలిపేది స్టిక్కర్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే వెర్షన్ నంబర్ ఒక్కటే. డబ్బు ఇచ్చేముందు ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవండి. షాపతను వింతగా చూస్తే చూడనివ్వండి.

* * *

ప్రతి యూఎస్‌బీ పరికరానికీ ఇంటిపేరు, పేరు లాగా రెండు నంబర్లుంటాయని మీకు తెలుసా? మొదటిది తయారుచేసిన కంపెనీది, రెండోది ఆ వస్తువుది. ఒక్కోటి నాలుగేసి స్థానాల హెక్సాడెసిమల్ సంఖ్య, అంటే 0 నుంచి 9 దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. టీపీ-లింక్ నంబర్ 2357. రియల్‌టెక్‌ది 0బీడీఏ. ఇంటెల్ కంపెనీ ఏరికోరి 8086 తీసుకుంది. అది 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరు.

టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్‌ను చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ వదలకుండా కొడితే ఈ నంబర్లన్నీ వరుసగా వస్తాయి. డాంగిల్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి కొట్టండి. రెండోసారి కొత్తగా కనపడిన వరుసే మీ డాంగిల్‌ది. గూగుల్‌లో "నా వైఫై రావట్లేదు" అని వెతకడం కంటే, ఆ రెండు నంబర్లు పెట్టి వెతికితే పని తొందరగా తెములుతుంది. నా లెక్కలో ఈ వ్యవహారంలో సగం పని ఇదే.

* * *

కొన్ని డాంగిళ్లు సీడీ డ్రైవ్‌లా వేషం కడతాయి. పెట్టగానే డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ ఒకటి ప్రత్యక్షమవుతుంది, వైఫై జాడ ఉండదు. అందులో ఉండేది విండోస్ డ్రైవర్. విండోస్ వాడేవాళ్లకు సీడీ వెతుక్కునే పని తప్పించడానికి కంపెనీలు కనిపెట్టిన ఉపాయమిది. డ్రైవర్ ఎక్కాక అది సీడీ వేషం విడిచి వైఫైగా మారుతుంది. విండోస్ డ్రైవర్‌తో పనిలేని లైనక్స్‌లో వేషం విడిపించాల్సింది మనమే. రియల్‌టెక్ డాంగిల్ 0బీడీఏ, 1ఏ2బీ అని చూపిస్తుంటే అది ఇంకా వేషంలోనే ఉందన్నమాట. ఆ సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టండి. చాలావాటికి అంతే చాలు, అసలు నంబర్ బయటపడుతుంది. ప్రతిసారీ చేయి పెట్టే పని లేకుండా యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. టాటా ఫోటాన్ నెట్ డాంగిళ్ల రోజుల్లో లైనక్స్ వాడినవాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. అవీ ఇలాగే వేషం కట్టేవి.

* * *

చాలా డాంగిళ్లకు తమ పని తమకు గుర్తుండదు. చాలా చిప్పులు తమను నడిపే ఫర్మ్‌వేర్‌ను లోపల దాచుకోవు. పెట్టిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని ఎక్కించాలి. ఏఆర్9271 ఫర్మ్‌వేర్ ఫైలు సుమారు 50 కేబీ ఉంటుంది, ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోలో పదోవంతు కూడా ఉండదు. ఆ కాస్తా లేకపోతే డాంగిల్‌కు ప్రాణం రాదు. డ్రైవర్ ఉంది, నంబర్ కనపడుతోంది, అయినా వైఫై లేదంటే మొదట అనుమానించాల్సింది ఫర్మ్‌వేర్‌నే. కెర్నెల్ లాగ్ తెరిస్తే ఫలానా ఫైలు దొరకలేదని పేరుతో సహా రాసి ఉంటుంది.

ఈ ఫైళ్ల మీద పెద్ద వాదమే నడిచింది. వీటిలో చాలావాటికి సోర్స్ కోడ్ బయట పెట్టరు. అందుకని డెబియన్ అనే లైనక్స్ రకాన్ని తయారుచేసేవాళ్లు ఏళ్ల తరబడి తమ అధికారిక ఇన్‌స్టాల్ సీడీలో వీటిని కలపలేదు. సిద్ధాంతం గొప్పదే కానీ, నెట్ రావడానికి కావాల్సిన ఫైలును నెట్‌లోంచి తెచ్చుకోమంటే మామూలు మనిషి ఏం చేస్తాడు? చివరికి ఓటింగ్ పెట్టుకుని, 2022 అక్టోబర్‌లో పట్టు సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఉంటోంది. ఏఆర్9271 ఫర్మ్‌వేర్ సోర్స్ మాత్రం 2013లోనే బయటికొచ్చింది. దాని మీద లైనక్స్ వాళ్లకు అంత మోజు ఉండటానికి అదీ ఒక కారణం.

* * *

నెట్ లేని కంప్యూటర్‌కు నెట్ ఇవ్వడానికి మీ జేబులోనే సాధనం ఉందని తెలుసా? ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఛార్జింగ్ ఒక్కటే ఎక్కే రకం వైరు పనికిరాదు, డేటా వైరే కావాలి. లైనక్స్ ఫోన్‌ను ఒక తీగ నెట్‌వర్క్‌గా గుర్తుపడుతుంది, విడిగా డ్రైవర్ అడగదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. దీనికి సిమ్ డేటానే ఖర్చు చేయక్కర్లేదు. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే, చాలా ఫోన్లలో ఆ వైఫై నెట్టే వైరు గుండా కంప్యూటర్‌కు అందుతుంది. డ్రైవర్, ఫర్మ్‌వేర్, అప్‌డేట్లు అన్నీ దించుకున్నాక ఫోన్ తీసేయొచ్చు. తీయకపోయినా నష్టం లేదు. మూలన పడి ఉన్న పగిలిన స్క్రీన్ ఫోన్‌ను ఇలా శాశ్వతంగా కట్టేసుకోవచ్చు, డాంగిల్ ఖర్చు మిగులుతుంది. అన్నట్టు ఆ ఆండ్రాయిడ్ లోపల ఉన్నదీ లైనక్స్ కెర్నెలే.

* * *

ఇప్పటి కష్టాలు కష్టాలే కావు. 2003 ప్రాంతంలో లైనక్స్‌లో వైఫై అంటే దాదాపు దండం పెట్టుకోవాల్సిందే. చాలా కంపెనీలు విండోస్‌కు తప్ప డ్రైవర్ రాసేవి కావు, చిప్పు వివరాలు ఎవరికీ చెప్పేవి కావు. అప్పుడు పుట్టింది ఎన్‌డిస్‌రాపర్ అనే సాహసం. విండోస్ ఎక్స్‌పీ డ్రైవర్‌నే తెచ్చి, చుట్టూ విండోస్ ఉందని దాన్ని నమ్మించి, లైనక్స్ కెర్నెల్‌లో నడిపించడం! మొదలుపెట్టింది పాంటస్ ఫుక్స్ అనే ప్రోగ్రామర్. దాని సోర్స్ ఫైళ్లు తెరిస్తే, కాపీరైట్ వరుసలో ఆయన పక్కనే ఉండే రెండో పేరు గిరిధర్ పెమ్మసాని. ఎక్స్‌పీ తర్వాతి డ్రైవర్లకు ఆ కిటుకు పారలేదు. ఈలోగా అసలు లైనక్స్ డ్రైవర్లే ఒక్కటొక్కటిగా వచ్చాయి. ఎక్కడైనా పాత పాఠం చదివి ఇప్పుడు ఎన్‌డిస్‌రాపర్ వెతుక్కునే పని పెట్టుకోకండి, దాని కాలం చెల్లింది.

కొత్త డ్రైవర్ల లెక్క ఇదీ. మీడియాటెక్ ఎంటీ7601యూ చిప్పుకు 2015లో వచ్చిన కెర్నెల్ 4.2లో చోటు దొరికింది. ఈ మీడియాటెకే 2011లో రాలింక్ అనే కంపెనీని కలిపేసుకుంది. అందుకే కొన్ని డాంగిళ్లు ఇప్పటికీ రాలింక్ నంబర్ చూపిస్తాయి. రియల్‌టెక్ కొత్త తరం యూఎస్‌బీ చిప్పుల్లో కొన్నింటికి 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నెల్‌తో దారి తెరుచుకుంది. అంతకుముందు ఎక్కడో దొరికిన సోర్స్ తెచ్చుకుని కంపైల్ చేసుకోవాల్సిందే. కాబట్టి పాత ఉబుంటులో పలకని డాంగిల్‌ను పారేయకండి. కొత్త వెర్షన్‌ను కంప్యూటర్‌లో ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడండి, ఊరకే పలకొచ్చు.

సొంతంగా కంపైల్ చేసుకున్న డ్రైవర్‌తో ఒక తంటా ఉంది. ఇవాళ చక్కగా నడుస్తుంది. వారం తర్వాత కెర్నెల్ అప్‌డేట్ వస్తుంది, రీస్టార్ట్ చేయగానే వైఫై మాయం. డ్రైవర్ చెడిపోలేదు, పాత కెర్నెల్‌కు కుట్టింది కొత్తదానికి అతకదు, అంతే. డీకేఎంఎస్ పద్ధతిలో ఎక్కిస్తే కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్ దానంతటదే మళ్లీ తయారవుతుంది. అయినా రాకపోతే బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందేమో చూడండి. డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను అది గడప దాటనివ్వదు.

* * *

అన్నీ కుదిరినా ఒక్కోసారి ఇంటి వైఫై పేరు ఒక్కటి కనపడదు, పక్కింటివాళ్లవి నాలుగు కనపడతాయి. ఇది లైనక్స్ తప్పు కాదు. పేరు చివర 5జీ అని ఉండే వైఫై 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. సెల్ ఫోన్ 5జీతో దానికి సంబంధం లేదు. డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని రాసి ఉండే చవక డాంగిళ్లు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప ఇంకోటి వినలేవు. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 కూడా ఆన్ చేస్తే సరి. ఈ రెండు బ్యాండ్లకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. 2.4కు 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగానికి 2018 అక్టోబర్‌లోనూ కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. లైనక్స్‌కు మాత్రం మనం ఏ దేశంలో ఉన్నామో చెప్పాలి. చెప్పకపోతే ఎవరి చట్టం అడ్డొస్తుందోనని అది కొన్ని ఛానళ్లలో నోరు మెదపదు. దేశం కోడ్ దగ్గర ఇండియాకు ఐఎన్ అని పెట్టుకోవాలి.

* * *

ఎక్కడ కొనాలి? మిర్యాలగూడ వాళ్లు రైలెక్కితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోవచ్చు. కోదాడ వాళ్లకు హైదరాబాద్ కంటే విజయవాడ దగ్గర. సూర్యాపేటకు రైలు లేదు కానీ బస్సులకు కొదవ లేదు. ఆన్‌లైన్‌లోనైతే అన్నీ దొరుకుతాయి, కాకపోతే వెర్షన్ స్టిక్కర్ చూసే అవకాశం ఉండదు. షాపుకే పోతే లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకోండి. షాపు కంప్యూటర్‌లో పెట్టి చూడనిస్తారా అని అడగడంలో తప్పులేదు. చూడనివ్వకపోతే, పనిచేయకుంటే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.

ఇంటికి తెచ్చాక ఒక జాగ్రత్త. నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్‌డిస్క్ నడుస్తుంటే, దాని పక్క పోర్టులోని డాంగిల్ స్పీడు పడిపోవచ్చు. 3.0 పుట్టించే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే లెక్కలతో సహా బయటపెట్టింది. డాంగిల్‌ను దూరంగా ఉన్న పోర్టుకు మార్చండి. అన్ని పోర్టులూ ఒకేచోట ఉంటే, మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని టేబుల్ మీదికి తెచ్చుకోండి. సీపీయూ డబ్బా ఇనుము కూడా అడ్డు తప్పుతుంది కాబట్టి సిగ్నల్ కాస్త పెరగొచ్చు.