ఏడికెళ్లి వచ్చినవ్ భయ్యా?

హబ్సిగూడ నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా ఈసీఐఎల్ పోయే సిటీ బస్సులో పొద్దున పూట కాలు పెట్టుకునే చోటు దొరికితే చాలు. ఆమధ్య ఒకరోజు నా ముందు ఇద్దరు ఆడవాళ్లు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరిదీ ఒకే ప్యాకింగ్ యూనిట్, ఒకే షిఫ్టు. చేతిలో ఒకే రకం స్టీలు టిఫిన్ డబ్బా. కండక్టరమ్మ వచ్చింది. మొదటామె ఆధార్ చూపించింది, జీరో టికెట్ చేతిలో పడింది. రెండో ఆమె కూడా ఆధార్ తీసింది. దాని మీది అక్షరాలు గుండ్రంగా, తెలుగులాగే కనిపిస్తూ తెలుగు కాకుండా ఉన్నాయి. "ఇది ఒడిశాది కదమ్మా, టికెట్ తీస్కోవాలె" అంది కండక్టరమ్మ. ఆమె మారు మాట్లాడలేదు. కొంగు ముడి విప్పి మడత నోటు తీసి ఇచ్చింది. నాచారం వచ్చి మూడేళ్లు దాటిందని పక్కనున్నామె నాతో చెప్పింది.

కండక్టరమ్మది తప్పు కాదు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ ఆడవాళ్లకే. గుర్తింపు కార్డు మీద తెలంగాణ అడ్రస్ ఉండాలి. నిబంధన అది. మూడేళ్లుగా ఇదే గాలి పీలుస్తూ, ఇదే నీళ్లు తాగుతూ, ఇక్కడి సరుకును డబ్బాల్లో సర్దుతున్న మనిషికి ఇక్కడి అడ్రస్ ఎందుకు లేకపోయింది? ఆ రోజు నుంచి నన్ను వదలని ప్రశ్న ఇదే.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. మందులు, ప్లాస్టిక్ సామాన్లు, అట్టపెట్టెలు, తినుబండారాలు, ఇంజినీరింగ్ విడిభాగాలు అన్నీ ఇక్కడ తయారవుతాయి. ఒకప్పుడు ఈ షెడ్లలో హెల్పర్ అంటే నల్లగొండ మనిషో, వరంగల్ మనిషో, పాలమూరు మనిషో. వాళ్ల పిల్లలు చదువుకుని వేరే దారులు పట్టారు. ఇప్పుడు లోడింగ్ దగ్గర, మిషన్ దగ్గర, రాత్రి షిఫ్టులో ఎక్కువగా వినిపించేది భోజ్‌పురి, మైథిలి, ఒడియా, బెంగాలీ. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ కట్టేదీ, టైల్స్ పరిచేదీ వాళ్లే. 2025 జనవరి 6న చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమయ్యాక ఉత్తరాది రైళ్లు మన గడపలోకే వచ్చినట్టయింది. మూట దించితే పని చోటు కూతవేటు దూరం.

"వాళ్లకు మన భాష రాదు, మనతో కలవరు" అని మావాళ్లు చాలామంది అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ హైదరాబాద్‌లో భాష రాక ఎవరూ ఆకలితో పడుకోలేదు. ఈ ఊరి హిందీ అందరిదీ. కూరగాయల బండి దగ్గర, పాన్ డబ్బా దగ్గర, ఆటోలో ఎవరికి వచ్చిన ముక్క వాళ్లు మాట్లాడతారు, పని జరిగిపోతుంది. ఏడాది తిరిగేసరికి "కొంచెం కొంచెం వస్తది అన్నా" అనే మాట నేర్చుకుంటారు. పిల్లలైతే ఆరు నెలల్లో మన గల్లీ తెలుగు పట్టేసి, కిరాణా కొట్టులో అమ్మకు దుబాసీలవుతారు. ఇక ఒడిశాలో బరంపురం, రాయగడ వైపు నుంచి వచ్చినవాళ్లలో కొందరికి తెలుగు ఇంటి నుంచే వచ్చు. అయినా మన నోటికి అందరూ "బిహారోళ్లే". ఒడిశా మనిషిని, జార్ఖండ్ మనిషిని, బెంగాల్ మనిషిని ఒకే పేరుతో పిలవడం ఎంత తప్పో మద్రాసులో "గొల్టి" అనిపించుకున్న తెలుగువాడిని అడిగితే చెబుతాడు.

అడ్డం భాష కాదు. అడ్డం అడ్రస్. ఆ అడ్రస్ మన చేతుల్లో ఉంది.

నాచారంలో కిరాయి గదులు చూడాలంటే మెయిన్ రోడ్డు వదిలి లోపలి బస్తీల్లోకి పోవాలి. ఇంటి వెనుక ఖాళీ జాగాలో వరుసగా నాలుగో ఆరో రేకుల గదులు వేస్తారు. నేను చూసిన ఒక గది పొడవు పది అడుగులుంటుంది. అందులో ఐదుగురు. గోడకు మేకులు, మేకులకు ఐదు బ్యాగులు. మూలన ఐదు కిలోల గ్యాస్ బుడ్డి, దాని నెత్తిన బర్నర్, పక్కన ఉల్లిగడ్డల సంచి, ఆలుగడ్డల సంచి. ఇద్దరు రాత్రి షిఫ్టు, ముగ్గురు పగలు షిఫ్టు కాబట్టి పడుకోవడానికి చాప సరిపోతోంది. ఆదివారం అందరూ ఉంటే ఇద్దరు డాబా మెట్ల మీద పడుకుంటారు. ఆరు గదులకు ఒకటే బాత్రూమ్. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకు కింద రాత్రి షిఫ్టు మనిషి నిద్రపోవాలి. తడిపిన తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకున్న కుర్రాణ్ణి చూశాను. పది నిమిషాలకు అది పొడిబారిపోతుంది, లేచి మళ్లీ తడుపుకొస్తాడు.

కిరాయి గదికి కాదు, తలకు ఇంత. కరెంటుకు సబ్ మీటర్, ఓనర్ చెప్పిందే రేటు. 2024 మార్చి నుంచి తెలంగాణలో రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు, కిరాయిదార్లకు కూడా, 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. ఈ గదులకు రాదు. కార్డు ఈ రాష్ట్రానిది కాదు, మీటరు వాళ్ల పేరున లేదు, కిరాయి పత్రం అసలే లేదు.

కిరాయి పత్రం దగ్గరే కథంతా ఆగిపోతోంది. రాసివ్వమంటే ఓనర్లు వెనకాడతారు. ఇంటి పన్ను పెంచుతారని ఒకరి భయం. రేపు ఖాళీ చేయమంటే చేయరని ఇంకొకరి భయం. ఏదైనా జరిగితే పోలీసులు ముందు మన తలుపే కొడతారని మరొకరు. చివరి భయానికి సమాధానం మాత్రం తిరగేసి ఉంది. పేరు, ఊరు, ఆధార్ నకలు తీసుకుని కాగితం రాసుకున్న ఓనరే నిశ్చింతగా ఉంటాడు. ఏమీ రాసుకోనివాడికే చిక్కు.

ఆ ఒక్క కాగితం లేకపోతే ఆధార్‌లో అడ్రస్ మారడం కష్టం. ఎమ్మెల్యేతోనో, కార్పొరేటర్‌తోనో, గెజిటెడ్ అధికారితోనో ఫారం మీద సంతకం పెట్టించుకోవచ్చంటారు. రోజు కూలీ పోగొట్టుకుని ఆ గుమ్మాల ముందు నిలబడేది ఎవరు? అడ్రస్ లేకపోతే బ్యాంకు మేనేజరు అనుమానంగా చూస్తాడు, బస్సులో టికెట్ తప్పదు. పాపను బడిలో వేయడానికి పోతే "టీసీ ఏది, అడ్రస్ ప్రూఫ్ ఏది" అంటారు. నిజానికి విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని, చదువు సంవత్సరం మధ్యలో వచ్చారని బిడ్డను తిప్పి పంపకూడదు. ఆ సంగతి తల్లికి తెలియదు. తెలిసినా చెప్పడానికి ఆమెకు తెలుగు చాలదు. భాష నిజంగా అడ్డమయ్యేది ఇలా కాగితాల కౌంటర్ ముందే.

మరి అడ్రస్ మార్చుకోవడమే మందు అందామా అంటే అక్కడా ఒక ముల్లుంది. 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగింది. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. అందులో 36 లక్షల దాకా శాశ్వతంగా వెళ్లిపోయారనో, ఇంటి దగ్గర కనిపించలేదనో తీసేసినవి. ఆ నెలల్లో నాచారం గదుల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇంటి నుంచి అమ్మ, అన్న, ఊరి సర్పంచ్: "ఫారం నింపు, లేకపోతే పేరు పోతుంది." అది చూసినవాడు తన ఆధార్ మీద ఊరి పేరు కొట్టేసి నాచారం పేరు రాయించుకోవడానికి జంకడా? ఇక్కడ పేరు ఎక్కుతుందో లేదో తెలియదు, అక్కడ పోతుందేమోనని భయం. రెండు రాష్ట్రాల మధ్య మనిషి ఏ పుస్తకంలోనూ లేకుండా మిగిలిపోతున్నాడు.

పుస్తకంలో పేరు లేకపోతే ఏమవుతుందో మన నగరం రెండుసార్లు కళ్లారా చూసింది. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాముకు నిప్పంటుకుంది. పైన పడుకున్న 11 మంది బిహార్ కార్మికులు కాలిపోయారు. పని చోటే పడక చోటు, దిగడానికి సరైన దారి లేదు. 2025 జూన్ 30న నగర శివార్లలోని పాశమైలారంలో సిగాచి మందుల ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ బిడ్డలు. డీఎన్ఏ పరీక్షలు చేసి శరీరాలు అప్పగించారు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. నాచారం ఇవి రెండూ తన కథ కాదనుకోవడానికి లేదు. గోదాము పైన పడకలు ఇక్కడా ఉన్నాయి, కాంట్రాక్టర్ నోటు పుస్తకంలో తప్ప ఎక్కడా పేరు లేని హెల్పర్లు ఇక్కడా ఉన్నారు.

నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీ నెలకు 21,000 రూపాయల దాకా జీతమున్నవాళ్లకు ఈఎస్ఐ కట్టి తీరాలి. జీతంలో నూటికి ముప్పావు రూపాయి కార్మికుడిది, మూడుంబావు రూపాయి యజమానిది. దీనికి స్థానిక అడ్రస్ అక్కర్లేదు, కాంట్రాక్టర్ కింద పనిచేసినా వర్తిస్తుంది. ఆ ఆసుపత్రి గోడ పక్కనుంచే రోజూ పనికి పోతూ, జ్వరమొస్తే మాత్రం బస్తీ ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునే మనిషి నాకు తెలుసు. కార్డు ఉందా అని అడిగితే "సేఠ్ కో మాలూమ్" అన్నాడు. బయటి రాష్ట్రాల కూలీల కోసం పార్లమెంటు చట్టం చేసింది 1979లో. ఒడిశా నుంచి కాంట్రాక్టర్లు తీసుకుపోయే కూలీల దుస్థితి చూసే ఆ చట్టం వచ్చింది. దాన్ని 2020 నాటి కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఇన్నేళ్లు గడిచినా ఆ మనిషికి తన కార్డు సంగతి తెలియదు.

రేషన్ ఒక్కటి కొంత మేలు. ఒకే దేశం ఒకే కార్డు పథకాన్ని 2019 ఆగస్టులో తొలిసారి ప్రయత్నించిన జోడీల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒకటి. బిహార్ కార్డు మీద నాచారంలో బియ్యం తీసుకోవచ్చు. ఇంటిల్లిపాదీ అక్కడుండి ఒక్కడే ఇక్కడుంటే తన వాటా మటుకు ఇక్కడ తీసుకుని, మిగతాది ఊళ్లో వదిలేయవచ్చు. వేలిముద్ర చాలు. ఈ విషయం నేను చెబితే ఆ గదిలో ఐదుగురిలో నలుగురు మొదటిసారి విన్నారు.

వలస అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బొంబాయి కామాటిపురకు ఆ పేరు వచ్చిందే తెలంగాణ నుంచి పోయిన కామాటి కూలీల వల్ల. షోలాపూర్, భివండి మగ్గాల మీద పద్మశాలీలు తరతరాలుగా బతికారు. పాలమూరు లేబర్ పోని ఆనకట్ట లేదు. బొంబాయి కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపింది. మన కూలీల పిల్లలు అక్కడ అ ఆ లు దిద్దారు. మన దగ్గరా ఇటుక బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో బడులు నడిపిన అనుభవం ఉంది. బట్టీలో పిల్లలు ఒక్కచోట ఉంటారు కాబట్టి లెక్కకు వస్తారు. కిరాయి గదుల పిల్లలు గల్లీకి ఇద్దరు చొప్పున చెదిరి ఉంటారు, ఏ లెక్కకూ అందరు. తెలుగు మాతృభాష కాని పిల్లల కోసం ప్రభుత్వం "వెన్నెల" అని తేలిక తెలుగు వాచకం తెచ్చింది. సీబీఎస్ఈ బడికి పోయే ఇంజినీరు గారి బిడ్డకు అందిన ఆ వెన్నెల రేకుల గది దాకా రావాలి.

2020 మే 1న, లాక్‌డౌన్‌లో, దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే. దాదాపు 1,200 మందితో జార్ఖండ్ హటియాకు పోయింది. ఆ వేసవిలో ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద మూటలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నవాళ్లను చూసి మనవాళ్లు మజ్జిగ పోశారు, పులిహోర పొట్లాలు ఇచ్చారు. అది మరిచిపోకూడదు. పోతున్నవాడికి అన్నం పెట్టిన చేతులే ఇవి. ఉంటానన్నవాడికి ఇప్పుడు కాగితం రాసివ్వాలి.

నాచారం, ఉప్పల్ ఇంటి ఓనర్లకు నా విన్నపం ఒక్కటే. మీ వెనుక గదిలో భార్యాపిల్లలతో ఏడాదిగా ఉంటున్న కుటుంబం ఉంటే, వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలల కిరాయి పత్రం రాయండి. వాళ్ల పేరు, ఊరు, జిల్లా సరిగ్గా అడిగి రాయండి. ఒక కాపీ మీరు ఉంచుకోండి, ఒకటి వాళ్ల చేతికివ్వండి. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇవ్వండి.